నాలుగో లెవెల్లో స్ట్రెంత్, ఆరో లెవెల్లో ఫీట్

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మీ ఫైటర్ (యోధుడి పాత్ర) స్ట్రెంత్, అంటే బలం, 16, ఆయుధం గ్రేట్‌సోర్డ్. నాలుగో లెవెల్లో గ్రేట్ వెపన్ మాస్టర్ అనే ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం; దాడి పాచికలో −5కు ఒప్పుకుంటే దెబ్బకు +10 ఇస్తుంది) తీసుకోవాలా, స్ట్రెంత్ 18 చేసుకోవాలా అని అడిగారు. 2014 నియమాలతోనే ఆడుతున్నామన్నారు కాబట్టి స్ట్రెంత్ పెంచండి.

శత్రువు ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడి చేరాల్సిన అంకె) 15 అనుకుందాం. స్ట్రెంత్ 18 అయితే దాడికి +6 వస్తుంది, ఇరవై ముఖాల పాచికపై 9 పడితే చాలు. తగిలిన దెబ్బ సగటున 11. క్రిటికల్‌లను పక్కన పెడితే ఒక్కో వేటుకు 6.6 అన్నమాట. ఫీట్ తీసుకుని −5కు ఒప్పుకుంటే 15 పడాలి. తగిలితే 20 పోతుంది, నిజమే; కానీ పదింట ఏడు వేట్లు వృథా, సగటు 6 దాటదు. గంటల తరబడి ఆడే ఆటలో వరుసగా గురి తప్పడం ఎంత నీరసమో మీకే తెలుసు.

అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు) ఉన్నప్పుడు ఫీట్‌దే పైచేయి: ఫీట్‌తో సగటు 10.2, స్ట్రెంత్‌తో 9.2. ఆ అడ్వాంటేజ్ కోసం మీ జట్టులోని డ్రూయిడ్ (ప్రకృతి మాంత్రికుడు) ఫెయిరీ ఫైర్ మంత్రం వేస్తారన్నారు. అది కాన్‌సంట్రేషన్ మంత్రం, అంటే వేసినవారి ఏకాగ్రత నిలిచినంతసేపే పనిచేస్తుంది. డ్రూయిడ్‌కు ఒక దెబ్బ తగిలినా పోవచ్చు. దాని మీదే భారం వేయకండి.

పైగా ఫైటర్‌కు ఆరో లెవెల్లోనే మరో అవకాశం వస్తుంది. ఐదులో రెండో దాడి, ప్రొఫిషియెన్సీ (లెవెల్‌తో పెరుగుతూ దాడికి కలిసే అంకె) +3 కూడా చేరతాయి కాబట్టి అప్పటికి ఆ −5 అంత బరువనిపించదు. హాయిగా ఫీట్ తీసుకోండి.

మీ డీఎం (ఆట నడిపేవారు) ఎక్కువగా జాంబీల వంటి, ఆర్మర్ క్లాస్ 8 ఉన్నవాటినే దింపుతుంటే మాత్రం ఇప్పుడే ఫీట్ తీసుకోండి. అక్కడ 13కు 10.5, ఆలోచించాల్సిన పనే లేదు.