నాయనమ్మ చేతిపట్టీ చూసి డిజైన్ చదువుతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మార్కులు బాగానే వస్తాయి. మా అమ్మకు చాలాకాలంగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. డాక్టరు ఇచ్చిన చేతిపట్టీ ఇంట్లో పెట్టుకుంటుంది కానీ, పేరంటానికో పెళ్లికో వెళ్లేటప్పుడు తీసి బీరువాలో పెట్టేస్తుంది. అది చూసి మా అమ్మాయి, కీళ్లవాతం ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా వాడుకునే అందమైన వస్తువులు తయారుచేస్తానని, అందుకోసం బీడిజైన్ (డిజైన్‌లో నాలుగేళ్ల డిగ్రీ) చదువుతానని పట్టుబట్టింది. పట్టీలు, చేతికర్రలు చేయడానికి ఇంత చదువు ఎందుకు? నలుగురూ అడిగితే ఏమని చెప్పుకోవాలి? కంప్యూటర్ సైన్స్‌లో చేరమని నేనంటున్నాను. డిజైన్ అంత ఇష్టమైతే యూఐ-యూఎక్స్ (ఆప్‌ల, వెబ్‌సైట్ల తెరల డిజైన్) కోర్సు చేయించమని మా బావమరిది సలహా. ప్యాకేజీలు పోల్చి ఏది మేలో చెప్పండి. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కోర్సు పేరు మారుతుంది కానీ, ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటుంది. దాని అడుగున ఉన్న భయం ఒకటే: పిల్ల బతుకుతెరువు లేని చదువులోకి వెళ్లిపోతోందేమో అని. ముందు దానికే జవాబు చెబుతాను. అలా జరగదు. మంచి సంస్థలో బీడిజైన్ చేసిన పిల్లకు వంటసామాను, ఫర్నిచర్, వైద్య పరికరాలు, వాహనాలు తయారుచేసే కంపెనీల్లో, డిజైన్ స్టూడియోల్లో పని ఉంటుంది. మొదటి జీతం కంప్యూటర్ సైన్స్ చదివిన స్నేహితురాలి జీతం కన్నా తక్కువగా ఉండవచ్చు. ఆ మాట దాచను. కానీ మీ అమ్మాయి రోడ్డున పడదు. ఈ ఒక్క విషయంలో మీరు నిశ్చింతగా నిద్రపోండి.

ఇక మీరు చిన్నచూపు చూసిన ఆ పట్టీ సంగతి. మణికట్టుకు వేసే పట్టీ చాలావరకు ఒకటే తీరు: ఎవరి ఒంటికీ సరిపోని లేత గోధుమరంగు, వెడల్పాటి వెల్క్రో అంచులు, నాలుగు రోజులు వంటింట్లో తిరిగితే పసుపు మరకలు. పట్టుచీర కట్టుకుని, గాజులు వేసుకున్న చేతికి అది తగిలిస్తే చూసినవాళ్లందరూ ముందు ‘ఏమైంది పిన్నిగారూ?’ అని అడుగుతారు. ఆ పరామర్శ పడలేక మీ అమ్మగారు దాన్ని తీసేస్తున్నారు. పట్టీ బీరువాలో ఉంటే మణికట్టుకు ఆసరా ఉండదు. అంటే అందం లేకపోవడం వల్ల వైద్యం సగంలో ఆగిపోతోంది. పదిహేడేళ్ల పిల్ల ఇంట్లో ఉండి ఈ సంగతి కనిపెట్టింది. నలుగురి చూపుకు జంకి మీ అమ్మగారు పట్టీ తీసేస్తున్నారు, అదే నలుగురి కోసం మీరు అమ్మాయి చదువు మార్చాలంటున్నారు. కోపం తెచ్చుకోకండి, ఈ రెండూ ఒకచోట పెట్టి ఒక్కసారి ఆలోచించండి.

ఈ ఆలోచన పిల్లచేష్ట కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలో శామ్ ఫార్బర్ అనే వ్యాపారి భార్య బెట్సీకి చేతుల్లో ఆర్థరైటిస్ ఉండేది. సన్నటి ఇనుప పిడి ఉన్న పీలర్‌తో తొక్క తీయడం ఆమెకు నరకంగా ఉండేది. ఆయన న్యూయార్క్‌లోని స్మార్ట్ డిజైన్ అనే స్టూడియోతో కలిసి, 1990లో ఆక్సో గుడ్ గ్రిప్స్ పేరుతో 15 వంటింటి పనిముట్లు మార్కెట్లోకి తెచ్చారు. లావుగా, కోలగా, మెత్తటి నల్ల రబ్బరుతో చేసిన పిడి. తడిచేతికి కూడా జారదు, గట్టిగా బిగించి పట్టుకోనక్కర్లేదు. వేళ్లు ఆనేచోట రెండు వైపులా సన్నని గాట్లు ఉంటాయి. ఆ పీలర్ న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలో చోటు సంపాదించింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, దాన్ని రోగుల సామానుగా అమ్మలేదు. మామూలు వంటసామాను దుకాణాల్లో, అందరికీ పనికొచ్చే వస్తువుగా పెట్టారు. నొప్పి లేనివాళ్లూ కొన్నారు. కాబట్టి నొప్పి ఉన్నవాళ్లు దాన్ని కొనడానికి సిగ్గుపడాల్సిన అవసరం లేకపోయింది.

అంతకు ముందే 1970లలో స్వీడన్‌లో మరియా బెంక్జోన్, స్వెన్-ఎరిక్ యూలిన్ అనే ఇద్దరు డిజైనర్లు రంపం పిడిలా నిలువు పిడి ఉన్న వంటింటి కత్తి చేశారు. దాంతో కోస్తే మణికట్టు వంగదు, బలం భుజం నుంచి వస్తుంది. చూడటానికి కూడా ముచ్చటైన వస్తువు.

అమ్మాయికి కూడా ఒక మాట. అందం అంటే పూలు, రంగులు అద్దడం కాదు తల్లీ. కుడిచేత్తో బిగుసుకున్న పచ్చడి సీసా మూత తిప్పి తీసేటప్పుడు, ఆ బలం వేళ్లను చిటికెన వేలి వైపు నెడుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో వేళ్లు ఒరిగిపోయేది కూడా అటే. ఇది తెలియకుండా మూతకు ఎంత చక్కటి రంగు వేసినా నాయనమ్మకు ఒరిగేదేమీ లేదు. తెలిస్తే, వేళ్లతో పని లేకుండా అరచేత్తో నొక్కి తిప్పగల పిడి ఎలా ఉండాలో ఆలోచిస్తావు. పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోయినప్పుడు ఏ పని కష్టం, మధ్యాహ్నానికి ఏది తేలిక, జాకెట్టు హుక్కులు పెట్టుకునేటప్పుడు ఏ వేలు మొరాయిస్తుంది, కుక్కర్ మూత తీయడానికి ఎవరిని పిలుస్తుంది – ఇవన్నీ దగ్గర కూర్చుని చూడాలి. ఆ తరువాతే రూపం.

ఇప్పుడు మీ బావమరిది సలహా. కొన్ని నెలల యూఐ-యూఎక్స్ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఆ వృత్తి చెడ్డదని కాదు. ఆప్‌లు, వెబ్‌సైట్లు జనానికి తేలికగా అర్థమయ్యేలా చేయడం గౌరవమైన పని, బాగా చేసేవాళ్లకు జీతాలూ బాగుంటాయి. నా అభ్యంతరం దాన్ని అమ్ముతున్న తీరు మీద. ఒక సాఫ్ట్‌వేర్ నేర్పి, అందరి చేతా అదే ఆహారం డెలివరీ ఆప్‌కు కొత్త తెరలు గీయించి, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఒకే అచ్చు పోర్ట్‌ఫోలియోలు వందల కొద్దీ ఒకే ఉద్యోగానికి వెళతాయి. పైగా తెరలు గీసే పనిలో కొంతభాగం ఇప్పుడు కృత్రిమ మేధ చేసిపెడుతోంది. మనిషిని గమనించడం రానివాళ్లకు ఇక ముందు మిగిలే పని తక్కువ. మీ అమ్మాయికి ఆ గమనించే గుణం ఇప్పటికే ఉంది. దాన్ని తెరకు మాత్రమే కట్టేయడం నాకు ఇష్టం లేదు.

అలాగని డిజైన్ అని బోర్డు పెట్టుకున్న ప్రతి కాలేజీకీ లక్షలు పోయమనడం లేదు. కొన్నిచోట్ల నాలుగేళ్లూ కంప్యూటర్‌లో మెరిసే బొమ్మలే తయారుచేయిస్తారు. పోటీల్లో బహుమతులు వస్తాయి, వస్తువు మాత్రం ఏ చేతిలోకీ రాదు. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి వెళ్లి వర్క్‌షాప్ చూపించమనండి. చెక్క కోసే యంత్రాలు, అచ్చులు పోసే చోటు, పిల్లలు చేసి, విరగ్గొట్టి, మళ్లీ చేసిన నమూనాలు కనిపించాలి. అద్దాల గదులు, కంప్యూటర్లు మాత్రమే చూపిస్తే మర్యాదగా తిరిగి వచ్చేయండి.

పోలిక అడిగారు కదా, క్లుప్తంగా చెబుతాను. బీడిజైన్ అయితే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీ హైదరాబాద్, బొంబాయి, గువాహటి వంటివి, లేదా వేరే ప్రవేశ పరీక్షతో ఎన్ఐడీలు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్). అమరావతిలోని ఎన్ఐడీ మీకు దూరమేమీ కాదు, అక్కడ ఇండస్ట్రియల్ డిజైన్ ఉంది. మీకు మనసు ఒప్పకపోతే మధ్యేమార్గం: బీటెక్ మెకానికల్ చేసి, సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండిజైన్‌కు (డిజైన్‌లో పీజీ) వెళ్లడం. ఇంజనీరింగ్ పట్టా చేతిలో ఉంటుంది కాబట్టి మీకు ధైర్యం, లోహం, ప్లాస్టిక్ గురించి చదువుతుంది కాబట్టి ఆమెకు లాభం. మూడోది మనవాళ్లు అసలు తలవనిది: ఆక్యుపేషనల్ థెరపీ (రోగి రోజువారీ పనులు తానే చేసుకునేలా తోడ్పడే చికిత్స), లేదా ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ (కృత్రిమ అవయవాలు, ఆసరా పట్టీల తయారీ) డిగ్రీ. రోగి చెయ్యి పట్టుకుని నేర్చుకునే చదువులు ఇవి. ప్యాకేజీల అంకెలు నేను వేయను. కాలేజీలు ప్రకటించే పెద్ద అంకె ఒకరిద్దరిది, మీ అమ్మాయిది కాదు.

‘ఆర్థరైటిస్ వస్తువుల డిజైనర్’ అనే ఉద్యోగ ప్రకటన దాదాపు కనిపించదు, అది నిజమే. ఆ పని మామూలు వస్తువుల లోపలే ఉంటుంది: గ్యాస్ స్టవ్ నాబ్‌లో, మందుసీసా మూతలో, కుళాయి పిడిలో, బస్సు ఎక్కేటప్పుడు పట్టుకునే కడ్డీలో. ప్రభుత్వ పని కూడా ఉంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తున్నారు. కాన్పూరులోని ఆలింకో అనే ప్రభుత్వ సంస్థ దాన్ని నడిపిస్తోంది. అలా ఇచ్చిన కర్రను ఆ పెద్దాయన రోజూ చేతపట్టుకుని సంతోషంగా సంతకు వెళ్లాలంటే, దాని పిడి గురించి ఎవరో ఒకరు శ్రద్ధగా ఆలోచించాలి కదా.

మీ లేఖలో ప్యాకేజీ ఉంది, బావమరిది ఉన్నారు, నలుగురూ ఉన్నారు. మీ అమ్మగారి చేతులు ఎంత నొప్పి పెడతాయో ఒక్క వాక్యం లేదు. కూతురి మీద కోప్పడే ముందు, అమ్మ దగ్గర పది నిమిషాలు కూర్చుని ఏ వస్తువు పట్టుకోవడం కష్టంగా ఉందో అడగండి. పక్కన అమ్మాయిని కూర్చోబెట్టండి, రాసుకుంటుంది.

పరీక్షలు అయ్యాక, ఫలితాలు వచ్చేలోపు ఆమెకు ఒక పని అప్పగించండి. నాయనమ్మ రోజూ వాడే ఒక్క వస్తువు, గరిటె పిడి కావచ్చు, పట్టీ కావచ్చు, తీసుకుని బంకమట్టి, గుడ్డ, సైకిల్ ట్యూబు ఏది దొరికితే దాంతో కొత్తగా చేయాలి. నాయనమ్మ వద్దన్న ప్రతిసారీ మార్చాలి. నాలుగోసారి వద్దన్నా విసుక్కోకుండా మళ్లీ మొదలుపెడితే నిశ్చింతగా బీడిజైన్‌కు పంపండి. రెండోసారికే మానేస్తే, కోప్పడకుండా బీటెక్ దారి చూపండి. ఈలోపు జేఈఈతో పాటు యూసీడ్ కూడా రాయనివ్వండి. దరఖాస్తు గడువు దాటిపోయేదాకా ఇంట్లో వాదులాడుకుంటూ ఉండకండి.