రేఖాగణితం తెలిసినవారిని ఏమనాలి?

ప్రశ్న: సైన్సు వ్యాసాలు అనువదిస్తుంటాను. 'జామెట్రీషియన్', 'జియోమీటర్' అని వచ్చినచోట ఒకసారి 'రేఖాగణితుడు' అనీ, ఇంకోసారి 'రేఖాగణిత శాస్త్రజ్ఞుడు' అనీ రాశాను. ఏది సరి? మన పాతవాళ్లు ఏమనేవారు?
– ఒక అనువాదకురాలు, విజయనగరం

జవాబు: 'రేఖాగణితుడు' వద్దండి. 'గణిత' అంటే లెక్కించబడిన అని అర్థం. దానికి 'డు' తగిలిస్తే లెక్కపెట్టేవాడు కాక లెక్కకు వచ్చినవాడవుతాడు. రెండోది తప్పు కాదు గానీ బరువు. మా ఓటు 'జ్యామితివేత్త'కు. 'జ్ఞుడు' అంటే ఆడవారికి 'జ్ఞురాలు' అని మార్చుకోవాలి, 'వేత్త'కు ఆ పేచీ లేదు. 2014లో ఫీల్డ్స్ పతకం అందుకున్న తొలి మహిళ మర్యమ్ మీర్జాఖానీని 'జ్యామితివేత్త' అని హాయిగా రాయొచ్చు. బడిపిల్లల కోసమైతే 'రేఖాగణితవేత్త' మేలు, వాళ్ల చెవికి అలవాటైన మాట అదే. ఒక వ్యాసంలో మాత్రం రెండూ కలపకండి.

'జామితి' అని రాస్తే తప్పు. జ్యా అంటే అల్లెతాడు, నేల అని కూడా అర్థముంది. మితి అంటే కొలత. 'జామెట్రీ'కి మూలమైన గ్రీకు మాటకు అర్థమూ నేల కొలతే.

ఒక చిక్కుంది. ఫ్రెంచిలో 'జెయోమెత్ర్', ఇటాలియన్‌లో 'జెయోమెత్ర' అంటే చాలాచోట్ల పొలాలు కొలిచే మనిషి. వాక్యంలో సరిహద్దు, గొలుసు, పటం కనిపిస్తే 'సర్వేయరు' అని రాయండి. అక్కడ 'జ్యామితివేత్త' అంటే అర్థం చెడుతుంది.

ఇక పాత మాటలు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బ వాఙ్మయంలో 'సమసూత్ర నిరంఛకుడు' ఉంది: తాడును సమంగా లాగేవాడు. ఎంత కచ్చితమైన పేరో ఆ పని చూస్తే తెలుస్తుంది. తెలుగునాట చాలామంది అనుసరించే ఆపస్తంబుల శుల్బసూత్రంలో మహావేది (సోమయాగానికి వేసే పెద్ద వేదిక) కొలతలున్నాయి: పడమటి భుజం 30, తూర్పు భుజం 24, మధ్యరేఖ 36. మధ్యరేఖ రెండు కొసల్లో మేకులు కొడతారు. 36కు 18 కలిపి 54 ప్రమాణాల తాడు తీసుకుని, కొసలను ఆ మేకులకు కడతారు. పడమటి మేకు నుంచి 15 దగ్గర పెట్టిన గుర్తు పట్టుకుని దక్షిణానికి లాగితే మిగిలిన భాగం 39. 15, 36, 39 భుజాలు కనుక పడమట లంబకోణం, వేది మూల దొరుకుతాయి. ఉత్తరానికీ అలాగే లాగాలి. గుర్తుకు ఒకపక్క బిగువు, మరోపక్క వదులు ఉంటే మూల జరిగిపోతుంది. సాగే తాడుతోనైతే కోణం అసలు కుదరదు. పేరులో 'సమ' ఉన్నది అందుకే. వేది రెండు కర్ణాలూ సమానం కాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టు.

శిల్పశాస్త్రాల్లో స్థపతి తర్వాత వచ్చే 'సూత్రగ్రాహి' కూడా తాడు పట్టే నిపుణుడే. చారిత్రక నవలలో ఈ మాటలు బాగుంటాయి, నేటి గణిత ఆచార్యులకు మాత్రం వాడకండి.

ప్రశ్న: కర్నూలు జిల్లా ఎర్రగుడి అశోక శాసనంలోని 'రజ్జుకుడు' గణితవేత్తేనా? – ఒక పాఠకుడు

జవాబు: కాదు, రాజోద్యోగి. రజ్జువు అంటే తాడు కాబట్టి, భూమి కొలిచే పని నుంచి ఆ పదవికి పేరు వచ్చిందని పండితులు అంటారు.

ప్రశ్న: అరబ్బీ 'ముహందిస్' జ్యామితివేత్తా, ఇంజనీరా? – గల్ఫ్‌లో పనిచేసే ఒక పాఠకుడు

జవాబు: నేడు ఇంజనీరు, పాత గ్రంథాల్లో జ్యామితివేత్త. దాని మూలమైన 'హందస' పారశీక 'అందాజా' నుంచి వచ్చింది. మనం రోజూ అనే 'అందాజు' కూడా అక్కడిదే. అయితే అరబ్బీలో అది కచ్చితమైన కొలతకు పేరైంది, మన దగ్గర ఉజ్జాయింపుగా మిగిలింది.