33 ఏళ్లకు మిలిటరీ నర్సు కావచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది మిర్యాలగూడ. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) తర్వాత పెళ్లి, పాప. ఆ డిప్లొమా మీద చేసే డిగ్రీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్, ఈమధ్యే పూర్తి చేశాను. నాకిప్పుడు 33. మిలిటరీ నర్సు కావాలని ఎప్పటి నుంచో కోరిక. వయసు అయిపోయిందంటున్నారు, నిజమేనా?

జవాబు: అయిపోలేదమ్మా! వాళ్లు చెప్పేది ఇంటర్ తర్వాత ఆర్మీ కాలేజీల్లో చేరే నాలుగేళ్ల కోర్సు గురించి. మీకు సరిపోయేది షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే నర్సింగ్ చదివినవాళ్లను కొన్నేళ్ల పాటు ఆఫీసర్లుగా తీసుకునే పద్ధతి. 2023 డిసెంబర్ నోటిఫికేషన్‌లో దానికి 21 నుంచి 35 ఏళ్ల దాకా అవకాశమిచ్చారు, పోస్ట్ బేసిక్ వాళ్లూ అర్హులే. కంప్యూటర్‌లో రాసే పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ దాటితే నేరుగా లెఫ్టినెంట్ ర్యాంకు.

పెళ్లయిందని భయం వద్దు. పెళ్లి చేసుకుందని 1988లో తీసేసిన ఒక మిలిటరీ నర్సుకు 60 లక్షలు చెల్లించమని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఆ రూలైతే 1995లోనే పోయింది.

నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. టెన్త్ మెమోలో, నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి, పెళ్లయ్యాక మారిన పేరుతో చివర్లో ఉరుకులు పరుగులు పడేవాళ్లు చాలామంది. పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా రావచ్చు కాబట్టి పాప ఎవరి దగ్గర ఉంటుందో ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి.