లైటు 384 చూపిస్తోంది సరే, పాటలో ఎంతుంది?

ప్రశ్న: మూడున్నర వేలు పెట్టి ఆన్‌లైన్‌లో యూఎస్‌బీ డ్యాక్ (డిజిటల్ పాటను శబ్దంగా మార్చే చిన్న పెట్టె) ఒకటి తెప్పించాను. కంప్యూటర్‌కూ, ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయర్‌కూ మధ్య కలిపాను. డ్యాక్ మీద 384 అని లైటు వెలుగుతోంది కానీ పాటల్లో పెద్ద తేడా తెలియడం లేదు. అమ్మినవాళ్లను అడిగితే ‘డ్రైవర్ వేసుకోండి’ అంటూ లింకు పంపారు. అది ఎక్కాలంటే విండోస్‌లో సెక్యూరిటీ సెట్టింగ్‌లు రెండు ఆపాలట. ఆపమంటారా? ఇదే కంప్యూటర్‌లో మా మిర్చి వ్యాపారం లెక్కలు, జీఎస్టీ, బ్యాంకు పనులు చేస్తుంటాను. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఆపకండి. ఈపాటికే ఆపేసి ఉంటే ఈ కాలమ్ పక్కన పెట్టి, ముందు వెళ్లి ఆన్ చేసి రండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

డ్యాక్ కొన్నవాళ్ల నుంచి కొన్నాళ్లుగా ఇదే ఉత్తరం వస్తోంది. ఊరు మారుతుంది, పెట్టె ధర మారుతుంది, ఆ డ్రైవర్ లింకు మాత్రం మారదు. డ్రైవర్ అంటే పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్. అసలు మీకు ఆ డ్రైవర్ అవసరమే లేదు. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి యూఎస్‌బీ ఆడియో 2.0 డ్రైవర్ విండోస్‌లోనే ఉంది. మీ డ్యాక్ మీద 384 (కిలోహెర్ట్జ్, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్ని వేలసార్లు కొలిచారో చెప్పే లెక్క) వెలుగుతోందంటే ఆ డ్రైవరే దాన్ని నడిపిస్తోందన్నమాట. పాత యూఎస్‌బీ ఆడియో 1.0 పద్ధతిలో అయితే 96 దాటేది కాదు. ఏషియో (రికార్డింగ్‌లో ఆలస్యం తగ్గించే పద్ధతి) వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లకు కంపెనీ డ్రైవర్ అవసరం పడొచ్చు. ఇంట్లో కూర్చుని పాటలు వినేవాళ్లకు పడదు.

ఇక వాళ్లు ఆపమన్న రెండు సెట్టింగ్‌ల సంగతి. ఒకటి డ్రైవర్ సంతకం తనిఖీ అయి ఉంటుంది, రెండోది కోర్ ఐసోలేషన్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ (విండోస్ లోపలి భాగానికి కాపలా). డ్రైవర్ అంటే మామూలు యాప్ కాదు. విండోస్ గుండెకాయలాంటి కెర్నెల్‌లోకి దిగి పనిచేస్తుంది, యాంటీవైరస్‌ను కూడా పక్కకు నెట్టగలదు. అందుకే దాన్ని ఎవరు తయారుచేశారు, మధ్యలో ఎవరైనా మార్చారా అని 64 బిట్ విండోస్ సంతకం చూసి గానీ లోపలికి రానివ్వదు. ఆ తనిఖీ ఆపేస్తే పాటల డ్రైవర్ పేరుతో ఏదైనా దూరిపోతుంది. మీ బ్యాంకు పాస్‌వర్డ్, జీఎస్టీ లాగిన్ టైపు చేసేది ఆ కీబోర్డు మీదే కదా!

అమ్మినవాళ్లు దొంగలని నేను అనడం లేదు. చాలాసార్లు అది ఎప్పుడో రాసి వదిలేసిన పాత డ్రైవర్ అయి ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది. పాత డ్రైవర్‌లో ఉన్న లోపాన్ని పట్టుకుని వేరే మాల్‌వేర్ కెర్నెల్‌లోకి ఎక్కడం దాడులు చేసేవాళ్లకు బాగా అలవాటైన దారి. మెమరీ ఇంటెగ్రిటీ అడ్డుపడేది ఇలాంటివాటికే. ఆ డ్రైవర్ ఇప్పటికే వేసి ఉంటే తీసేయండి. స్క్రీన్ కింద కుడి మూలలో ‘టెస్ట్ మోడ్’ అనే అక్షరాలు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే సంతకం తనిఖీ ఇంకా సడలించే ఉందని అర్థం. అది మామూలు స్థితికి వచ్చాక విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం ఆ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్‌లో మార్చండి.

ఇప్పుడు 384 దగ్గరికి వద్దాం. ఆ లైటు చెప్పేది మీ పాటలో ఎంతుందని కాదు, కంప్యూటర్ ఎంత పంపుతోందని. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ 384 దగ్గర పెట్టి ఉంటే, యూట్యూబ్‌లో వచ్చే పాటైనా సరే, దాన్ని సాగదీసి 384గానే పంపుతుంది. పావు లీటరు పాలు బిందెలో పోస్తే బిందెడు పాలు కావు. మీ దగ్గరున్నవి సీడీ నాణ్యత ఫైళ్లయితే డ్యాక్ ఫార్మాట్‌ను 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కు మార్చండి. వేర్వేరు రకాల ఫైళ్లుంటే పాటల ప్లేయర్‌లో వాసాపి ఎక్స్‌క్లూజివ్ మోడ్ (పాటను నేరుగా డ్యాక్‌కు పంపే సెట్టింగ్) పెట్టుకోండి. అప్పుడు విండోస్ మధ్యలో వేలు పెట్టదు, లైటు కూడా నిజం చెబుతుంది.

ఆ నిజం 44.1 అని తేలితే బాధపడకండి. మనిషి చెవి వినగలిగేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ వరకు, వయసుతో పాటు అదీ తగ్గుతుంది. 44.1 శాంప్లింగ్‌తో దాదాపు 22 వరకు పట్టుకోవచ్చు. 16 బిట్లకు అతి మెల్లని శబ్దానికీ, అతి పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ తేడా దొరుకుతుంది. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ, కిటికీ అవతల ఆటోలు తిరిగే గదిలో అంతకు మించి వినాలనుకోవడం ఆశే. 24 బిట్ రికార్డింగ్ చేసేవాళ్లకు ఉపయోగం, వినేవాళ్లకు అంతగా కాదు. పాట బాగుండడం, బాగోకపోవడం చాలావరకు మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు పాటకు చేసే చివరి మెరుగులో, తేలిపోతుంది. ఘంటసాల పాటల హై రిజల్యూషన్ ఫైలు బాగుందీ అంటే మంచి టేపు దొరికి, దాన్ని ఎవరో శ్రద్ధగా ఎక్కించారని.

‘ఫ్లాక్’ (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైలు) అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. ఎమ్‌పీ3ని ఫ్లాక్‌గా మార్చి పంచిపెట్టేవాళ్లు టెలిగ్రామ్ నిండా ఉన్నారు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి స్పెక్ట్రోగ్రామ్ (పాటలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే బొమ్మ) చూడండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది ఎక్కువగా 128 కేబీపీఎస్ ఎమ్‌పీ3కి వేసిన ముసుగే.

ఈ పెట్టెలు తయారుచేసేవాళ్ల మీద నాకు ఒళ్లు మండే విషయం ఇంకొకటుంది. లోపలి చిప్ బాగానే ఉంటుంది, ఈ ధరకు ఇంత శుభ్రమైన శబ్దం ఒకప్పుడు ఊహించలేం. దానితో వచ్చే కాగితం మాత్రం అరచేతిలో సగం ఉంటుంది. దాని మీద ఒక క్యూఆర్ కోడ్. అది తీసుకెళ్లేది ఎవరిదో క్లౌడ్ ఫోల్డర్‌లోకి. అక్కడ పేరూ తేదీ లేని జిప్ ఫైలు ఒకటి, ప్లే స్టోర్‌లో లేని ఫోన్ యాప్ ఒకటి. వైరుతో పనిచేసే డ్యాక్‌కు ఆ యాప్ కాంటాక్ట్స్ ఎందుకు అడగాలి? యాక్సెసిబిలిటీ అనుమతి ఎందుకు అడగాలి? ఆ అనుమతి ఇచ్చారంటే స్క్రీన్ మీద కనిపించే ప్రతిదీ, వచ్చే ఓటీపీతో సహా, యాప్ చదివేయగలదు. ముందు ‘అలౌ’ నొక్కేసి, ఆ తర్వాత నాకు ఉత్తరం రాసేవాళ్లకు నేను చెప్పగలిగేది తక్కువ.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మని శబ్దం. తీసేస్తే పోతుంది. డ్యాక్ మార్చాలా? (పటమట, విజయవాడ)

జవాబు: డ్యాక్ తప్పు కాకపోవచ్చు, ఎక్కువగా ఇది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ దారుల మధ్య కరెంటు తిరగడం. ల్యాప్‌టాప్, యాంప్లిఫయర్ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. తగ్గకపోతే ఆప్టికల్ కేబుల్‌తో కలపండి, అందులో కరెంటు పారే దారే ఉండదు. ప్లగ్‌కున్న ఎర్త్ పిన్ను విరగ్గొడితే శబ్దం పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. శబ్దం పోవచ్చు, షాక్ కొట్టినప్పుడు కాపాడేది కూడా పోతుంది. గోడ సాకెట్‌లో ఎర్త్ అసలు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. పాత అపార్ట్‌మెంట్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉన్న ఇళ్లున్నాయి.

ప్రశ్న: విజయవాడ రేడియో భక్తిరంజని పాటలు మా నాన్నగారు క్యాసెట్లలో రికార్డ్ చేసి పెట్టారు. డ్యాక్ కొంటే అవి కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చా? (సత్యనారాయణపురం)

జవాబు: డ్యాక్ డిజిటల్‌ను శబ్దంగా మారుస్తుంది. మీకు కావలసింది దానికి సరిగ్గా తిరగేసిన పని. లైన్ ఇన్ (బయటి శబ్దాన్ని లోపలికి తీసుకునే సాకెట్) ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ అడగండి. టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కాకుండా లైన్ అవుట్ నుంచి తీసుకోండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు, క్యాసెట్‌లో అంతకు మించి లేదు. హిస్ (టేపులో వినిపించే బుసలాంటి శబ్దం) తీసే ఫిల్టర్లు ముందే వేయకండి, ఉన్నదున్నట్టు ఒక కాపీ దాచాక ఆ ప్రయోగాలు చేసుకోవచ్చు. టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. టేప్‌రికార్డర్ చాలా ఏళ్లు మూలన పడి ఉంటే బెల్టు సాగిపోయి ఉంటుంది, శ్రుతి కిందికి జారుతుంది. ముందు బెల్టు మార్పించాకే రికార్డింగ్ మొదలుపెట్టండి.