ఆడిట్ ఆఫీసులో చేరిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులతో రాయునది.

ఉదయం తొమ్మిదికి బయలుదేరి రాత్రి ఎనిమిది దాటితే గానీ ఇల్లు చేరడం లేదని, అలసటతో కొన్ని రాత్రులు మందు పీల్చే మిషను, అదే నెబ్యులైజర్, పెట్టుకోకుండానే నిద్రపోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగం మానమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. చిన్ననాటి క్షయ మిగిల్చిపోయిన బ్రాంకియెక్టాసిస్‌తోనే, అంటే ఊపిరి గొట్టాలు వెడల్పై తెమడ నిలిచిపోయే జబ్బుతోనే, నేను రిటైరయ్యే దాకా బ్యాంకులో పని చేశాను. మార్చి నెలాఖరు లెక్కల రోజుల్లో కూడా పొద్దున్నే తెమడ తీసుకోకుండా గడప దాటలేదు. నీది పుట్టుకతో వచ్చిన, తెమడను జిగటగా చిక్కబరిచే సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల వరకు మన ఇద్దరి దినచర్య చాలావరకు ఒకటే గానీ, మందులన్నీ ఒకటి కావు. తెమడ పలుచనయ్యేందుకు నీవు రోజూ పీల్చే డోర్నేజ్ ఆల్ఫా నాలాంటి వారికి మేలు చేయకపోగా కీడు చేస్తుందని పరీక్షల్లో తేలింది. కాబట్టి మందు, మోతాదు నీ డాక్టరు చెప్పినట్టే. నేను రాసేది వేళ, వరుస, అలవాటు గురించి మాత్రమే.

చికిత్సను ఉద్యోగం పోను మిగిలిన సమయంలో చేద్దామనుకుంటే ఆ సమయం ఏనాడూ మిగలదు. జీతం చేతికి రాకముందే పి.ఎఫ్. కోత పడిపోయినట్టు, ఉదయం గంటసేపు రోజులోంచి ముందే తీసి పక్కన పెట్టాలి. రాత్రి పని ఎప్పుడు తెములుతుందో నీ చేతిలో లేదు, నిద్ర లేచే వేళ నీ చేతిలో ఉంది. అందుకని పూర్తి చికిత్సను ఉదయానికే ఉంచుకో.

వరుస నీకు తెలిసిందే అయినా, తొందరలో మొదట చెడేది వరుసే గనుక మళ్లీ రాస్తున్నాను. ముందు గొట్టాలను తెరిచే సాల్బుటమాల్. పావుగంట తరువాత 7 శాతం ఉప్పు ద్రావణం. ఆపైన తెమడ తీయడం. తెమడ వచ్చి దారి ఖాళీ అయిన తరువాతనే పీల్చే యాంటీబయాటిక్. ఉప్పు ద్రావణం నీటిని లాగి తెమడను పలుచన చేస్తుంది, కానీ బయటికి తోసేది నీ ఊపిరే. కుర్చీలో కొద్దిగా ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, మూడు నాలుగు సార్లు నిండుగా గాలి పీల్చి, ప్రతిసారీ మూడు సెకన్లు నిలిపి, తరువాత గొంతు తెరిచే ఉంచి ‘హా’ అంటూ గాలిని బలంగా వదలాలి. కింది గొట్టాల్లో ఉన్న తెమడ మెల్లగా వదిలే చిన్న ఊపిరికి కదులుతుంది, పైకి వచ్చింది గట్టి ఊపిరికి బయటపడుతుంది. టైం అయిపోతోందని వరుసగా దగ్గి ముగించేవారిని ఆసుపత్రి వరండాల్లో చాలామందిని చూశాను. అలసట తప్ప వారికి వచ్చేది తక్కువ. ఇది కడుపు ఖాళీగా ఉన్నప్పుడే చెయ్యి, టిఫిను తరువాత చేస్తే వాంతి అవుతుంది.

డోర్నేజ్‌ను మాత్రం సాయంత్రానికి మార్చుకోవచ్చేమో డాక్టరును అడుగు. అది రోజుకు ఒక్కసారే, రోజూ ఒకే వేళకు పడితే చాలు. దానివల్ల ఉదయం కొంత తేలికవుతుంది. దాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచాలి, వేరే మందుతో ఒకే కప్పులో కలపకూడదు. పీల్చే యాంటీబయాటిక్ టోబ్రామైసిన్ నడిచే 28 రోజుల్లో రెండు మోతాదులకు 12 గంటల ఎడం ఉండడం మంచిది. ఆలస్యమైన రోజున కూడా ఆ ఎడం 6 గంటలకు తగ్గకూడదు. రాత్రి ఇంటికి రాగానే, చెప్పులు విడిచి కాళ్లు కడుక్కున్న వెంటనే, భోజనానికి ముందు మొదలుపెట్టు. అన్నం తిని ఒకసారి నడుం వాల్చాక మళ్లీ లేచి మిషను ముందు కూర్చోవడం ఎవరి తరమూ కాదు. బాగా పొద్దుపోయిన రాత్రి ఏది వదిలినా ఫరవాలేదో, ఏది వదలకూడదో డాక్టరును ముందే అడిగి రాయించుకుని నెబ్యులైజర్ పక్కన అంటించుకో. నిద్రమత్తులో ఆ నిర్ణయం నీవు చేయకు.

నెబ్యులైజర్ కప్పులు ఒక్క జత చాలదు, మూడు జతలు కొనుక్కో. వాడిన వెంటనే సబ్బునీటితో కడిగి, రాత్రికి అన్నింటినీ కలిపి 5 నిమిషాలు మరగబెట్టి, శుభ్రమైన బట్ట మీద పూర్తిగా ఆరనివ్వాలి. మీ మిషను పుస్తకంలో మరగబెట్టవచ్చని ఉందో లేదో ముందు చూసుకో. తడి మిగిలిన కప్పులో సూడోమొనాస్ అనే క్రిమి చేరుతుంది, దాన్ని మనమే లోపలికి పీల్చుకుంటాము. జమ్మికుంటకో కరీంనగర్‌కో ఆడిట్‌కు పంపిన రోజున బ్యాటరీతో నడిచే చిన్న మెష్ నెబ్యులైజర్ పనికొస్తుంది. నీ మందులన్నీ అందులో వాడవచ్చో లేదో కనుక్కున్నాకే కొను.

ఆ ఆడిట్ల గురించే నాకు ఎక్కువ దిగులు. మన జిల్లాల్లో మీ ఆఫీసు పార్టీలంటే రైస్ మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లులు, కరీంనగర్ గ్రానైట్ వారు, ఏనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ ఏజెంట్లు. స్టాకు లెక్కించడానికి గోదాములోకి వెళ్లే పని నీది కాకూడదు. మిర్చి ఘాటుకు ఆరోగ్యవంతులే నిలబడలేరు. ఊక దుమ్ము, దూది నూగు, రాతి పొడి అంతకంటే మెల్లగా పని చేస్తాయి. జీఎస్టీ రిటర్నులు, లెడ్జర్లు, బ్యాంకు సరిపోలికలు నీవు చేస్తానని, స్టాకు పనికి మరొకరిని పంపమని మీ సారును అడుగు. అడగాలంటే విషయం చెప్పాలి. రోగ చరిత్ర అంతా అక్కరలేదు. ఇది జన్యువుల వల్ల వచ్చిన జబ్బు, నా దగ్గు ఎవరికీ అంటుకోదు, రోజూ చికిత్స ఉంటుంది, మూడు నెలలకొకసారి ఒక రోజు సెలవు కావాలి అంటే చాలు. మన ఊళ్లలో ఆగని దగ్గు వింటే టీబీ అనుకోవడం ఇంకా పోలేదు. నీవు చెప్పకపోతే ఆ మాట నీ వెనక వాళ్లే చెప్పుకుంటారు.

తిండి దగ్గర మధ్యాహ్నపు డబ్బాతో, తిన్న కొవ్వు అరగడానికి వేసుకునే ఎంజైము గుళిక మరచిపోవనే అనుకుంటాను. మరచిపోయేది నాలుగు గంటల చాయ్ దగ్గర, పార్టీ వాళ్లు సకినాల డబ్బా తెచ్చినప్పుడు, ఎవరో మిర్చి బజ్జీలు తెప్పించినప్పుడు. పాలు, నూనె ఉన్న ప్రతిదానికీ గుళిక కావాలి. పండ్లకూ పాలు లేని టీకీ అక్కరలేదు. విందుల్లో విస్తరి ముందుకు వచ్చాకే వేసుకో, వడ్డన ఆలస్యమైతే దాని పని ముందే అయిపోతుంది. ఆ సీసాను స్కూటీ డిక్కీలో వదలవద్దు. మే నెలలో 40 డిగ్రీలు దాటే వరంగల్ ఎండకు అందులోని ఎంజైము చెడిపోతుంది.

ఎండ అన్నాక ఉప్పు. నీ చెమటలో పోయే ఉప్పు మా అందరికంటే చాలా ఎక్కువ. నీ జబ్బును చెమట పరీక్షతో పట్టుకున్నది కూడా అందుకే. బీపీ వస్తుంది, ఉప్పు తగ్గించమ్మా అని ఆఫీసులో ఎవరైనా పెద్దరికం చేస్తే నవ్వి ఊరుకో. ఎండాకాలమంతా ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్ నీటి సీసా నీ బల్ల మీద ఉండాలి. పిక్కలు పట్టేయడం, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం ఇవన్నీ ఉప్పు తగ్గినప్పటి లక్షణాలు.

నీ జబ్బుకు అమెరికాలో 2019లో అనుమతి పొందిన మూడు మందుల కలయిక గురించి నీవు అడిగావు. అది అందరి జన్యు మార్పులకూ పని చేయదు, ధర మన అందుబాటులోది కాదు. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో నీ జబ్బు పేరు ఉంది, హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ ఆ విధానం కింద పని చేస్తున్నాయి. నీ జన్యు నివేదిక పట్టుకుని ఒకసారి వెళ్లి అడగడంలో నష్టం లేదు. అయితే, ఆ మందు వేసుకుంటూ ఉప్పు ద్రావణమో డోర్నేజో ఆపినా ఆరు వారాల్లో ఊపిరి తగ్గలేదని అమెరికాలో 2022లో వచ్చిన ఫలితాన్ని చూసి నీవు ఏదీ ఆపకు. వాళ్లు ఆ మందు మీద ఉన్నవాళ్లు, అప్పటికే ఊపిరి బాగున్నవాళ్లు.

టాక్స్ ఆడిట్లకు సెప్టెంబర్ 30 గడువు గనుక నీ మూడు నెలల చెకప్‌ను ఆగస్టులోనే పెట్టించుకో. తెమడలో క్రిములు చూసే కల్చర్, ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ, బరువు, షుగరు అప్పుడే అయిపోవాలి. ఈలోగా తెమడ రంగు మారినా, ఎక్కువైనా, రక్తపు చార కనిపించినా, మెట్లు ఎక్కితే కొత్తగా ఆయాసం వచ్చినా గడువు అయ్యాక వెళ్దామని ఆగవద్దు. ఆగస్టు తేదీ దొరకగానే నాకు చెప్పు, ఆ రోజు కారు నేను తెస్తాను.

ఇట్లు,
మీ మామయ్య,
హనుమకొండ