రేడియేషన్ వల్ల మళ్లీ కొత్త క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 49. 7 ఏళ్ల క్రితం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తే రేడియేషన్, కీమోతో తగ్గింది. 2 నెలలుగా విరేచనంలో అప్పుడప్పుడు రక్తం పడుతోంది. రేడియేషన్ వల్ల వేరే క్యాన్సర్ వస్తుందని ఎవరో చెప్పారు, అప్పటి నుంచి నిద్ర లేదు. నిజమేనా?

జవాబు: పాత క్యాన్సర్ తిరగబెట్టడం వేరమ్మా, కొత్తది రావడం వేరు. తిరగబెడితే ఎక్కువగా మొదటి 2, 3 ఏళ్లలోనే, ఆ గండం మీరు చాలావరకు దాటేశారు. ఇక కొత్తదంటారా, ఆ మాట అబద్ధం కాదు గానీ అలా వచ్చేది కొద్దిమందికే. పొత్తికడుపుకి రేడియేషన్ ఇచ్చినప్పుడు ముందున్న మూత్రాశయానికీ వెనకున్న పురీషనాళానికీ (మలద్వారానికి పైనుండే పేగు చివరి భాగం) కూడా కొంత తగులుతుంది, అక్కడి కణాలు దెబ్బతిని క్యాన్సర్‌గా మారడానికి చాలాసార్లు 10 ఏళ్లు, అంతకన్నా ఎక్కువే పడుతుంది. అలాగని అప్పుడు రేడియేషన్ తీసుకుని తప్పు చేశానని మాత్రం అనుకోకండి, మీ ప్రాణం నిలబెట్టింది అదే.

ఇప్పుడు రక్తం సంగతి. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో కొందరికి పురీషనాళం లోపలి పొర పలచబడి సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి, మలం కాస్త గట్టిగా వచ్చినా అవి చిట్లుతాయి. అలా రక్తం పడేవాళ్లలో ఎక్కువమందికి కారణం ఇదే. పైల్స్ కూడా కావచ్చు. కానీ లోపల చూడకుండా ఏ డాక్టరూ ఇది ఫలానా అని చెప్పలేరు, కాబట్టి పైల్సేలే అనుకుని ఏదో క్రీమ్ రాసుకుంటూ కూర్చోకుండా ఈ వారంలోనే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును, అంటే జీర్ణకోశ డాక్టర్‌ను కలవండి, కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూడటం) అవసరం పడుతుంది.

వెళ్లేటప్పుడు పాత ఫైలు పట్టుకెళ్లండి, రేడియేషన్ డోసు రాసిన కాగితం అందులో ఉండాలి. ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, రేడియేషన్ తగిలిన చోట బయాప్సీకి, అంటే పరీక్ష కోసం, చిన్న ముక్క తీస్తే ఆ పుండు ఒక పట్టాన మానదు, ఒక్కోసారి యోనిలోకి దారి పడి మలం అటు వచ్చే ప్రమాదమూ ఉంది. ముందే తెలిస్తే డాక్టర్ నిజంగా అనుమానం ఉన్నచోటే జాగ్రత్తగా తీస్తారు.

మీకు మొదట క్యాన్సర్ తెచ్చింది దాదాపుగా హెచ్‌పీవీ వైరసే అయి ఉంటుంది. అది యోనిలో, మలద్వారంలో, గొంతులో కూడా క్యాన్సర్ తేగలదు, అందుకే ఇన్నేళ్లయిందని గైనిక్ చెకప్ మానేయకండి. మీ వయసుకు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా చేయించుకోవాలి. పొగాకు అలవాటుంటే ఇవాళే మానండి. మూత్రం ఒక్కసారి ఎర్రగా వచ్చి, నొప్పి లేకుండా తనంతట తనే ఆగిపోయినా సరే, చూపించుకోండి.