జెనెటిక్స్ అంటే ఇష్టమే, కానీ మనసు ఒప్పుకోవడం లేదు... ఏం చేయాలి?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. జెనెటిక్స్ అంటే చాలా ఇష్టం. ఎమ్మెస్సీ కూడా అందులోనే చేయాలని ఉంది. కానీ క్లాసులో క్లోనింగ్, డిజైనర్ బేబీల (కోరుకున్న లక్షణాలతో పుట్టించే పిల్లల) మీద చర్చ జరిగినప్పటి నుంచి ఒకటే టెన్షన్. ‘దేవుడి పనిలో వేలు పెట్టే చదువు నీకెందుకమ్మా’ అని నాన్న అంటున్నారు. ఇన్ని సందేహాలున్న నాలాంటి వాళ్లు ఈ రంగంలోకి రావచ్చా? లేక మైక్రోబయాలజీకి మారిపోవడం మంచిదా?

జవాబు: నిస్సంకోచంగా రావచ్చు. మైక్రోబయాలజీకి మారినా ఈ ప్రశ్నలు మిమ్మల్ని వదలవు. 1975లో అమెరికాలోని అసిలోమార్‌లో శాస్త్రవేత్తలు కూర్చుని, తమ ప్రయోగాలకు తామే హద్దులు గీసుకున్నది బ్యాక్టీరియాలోకి వేరే జీవుల డీఎన్ఏ చొప్పించే పని గురించే. భయం వేసింది కాబట్టే ముందు ఆగారు, నియమాలు రాసుకున్నారు, ఆ తర్వాత పని మొదలుపెట్టారు. 1982లో మందుగా అనుమతి పొందిన, బ్యాక్టీరియాతో తయారుచేసిన మానవ ఇన్సులిన్ ఆ దారిలో వచ్చిందే. మీ బంధువుల్లో షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లుంటే, అది ఎలా తయారవుతుందో నాన్నగారికి చెప్పి చూడండి. ఆయన్ని ఓడించడానికి కాదు. ఆయన అడుగుతున్నదాంట్లో అసలు విషయం ఉంది. హద్దు ఎక్కడ అన్నదే ఆ ప్రశ్న.

క్లోనింగ్ సంగతి ముందు తేల్చేద్దాం. 1996లో స్కాట్లాండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో డాలీ అనే క్లోన్ గొర్రె పుట్టింది. గొర్రె అండంలోంచి కేంద్రకాన్ని తీసేసి, పెద్ద గొర్రె పొదుగు కణంతో కలిపారు. అలా 277 అండాలతో ప్రయత్నిస్తే పుట్టి బతికింది ఆ ఒక్క గొర్రెపిల్లే. మనుషుల విషయంలో ఆ మిగతా 276 అంటే ఏమిటో ఊహించుకుంటే చాలు, వేరే వాదన అక్కర్లేదు. మనిషి నకలును పుట్టించడం మానవ గౌరవానికి విరుద్ధమని యునెస్కో 1997లోనే ప్రకటించింది. మీరు చేరబోయే ఏ మంచి ల్యాబూ మిమ్మల్ని ఆ పని చేయమనదు.

ఇక్కడ జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనక గురించి చెప్పాలి. స్నేహితుడి క్లినిక్‌లో మైక్రోస్కోపు కింద మానవ పిండాన్ని చూసినప్పుడు తన కూతుళ్లు గుర్తొచ్చారని, పిండాలను నాశనం చేయకుండా మూలకణాలు (ఒంట్లోని ఏ రకం కణంగానైనా మారగల కణాలు) సంపాదించే దారి ఉండాలని అనిపించిందని ఆయన చెప్పారు. 2006లో ఎలుక చర్మ కణాల నుంచే అలాంటి మూలకణాలు తయారుచేశారు. 2012లో నోబెల్ వచ్చింది. మనసు ఒప్పుకోని చోట ఆగి మరో దారి వెతికిన మనిషి ఆయన. మీలో ఉన్నదీ అలాంటి సందేహమే.

జన్యు సవరణ దగ్గరే అసలు ఆలోచించాల్సింది. రోగి ఒంట్లోని కణాలను సరిచేస్తే ఆ మార్పు ఆ మనిషితోనే ఆగిపోతుంది. సికిల్ సెల్ వ్యాధికి 2023లో అనుమతి పొందిన క్రిస్పర్ (డీఎన్ఏను కావాల్సిన చోట కత్తిరించే పద్ధతి) చికిత్స ఇలాంటిదే: రోగి మూలకణాలను బయటికి తీసి, సవరించి, తిరిగి ఎక్కిస్తారు. నాకు ఇందులో నైతికంగా కనిపించే చిక్కు ఒక్కటే, ధర. అమెరికాలో 22 లక్షల డాలర్లు. ఆ జబ్బుతో బాధపడేవాళ్లలో ఎక్కువమంది పేద దేశాల వాళ్లు.

పిండంలో మార్పు చేస్తే మాత్రం అది పుట్టబోయే బిడ్డకు, ఆ బిడ్డ పిల్లలకు కూడా పోతుంది. వాళ్లెవర్నీ అడిగే వీలు లేదు. 2018లో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త చేసింది ఇదే. హెచ్ఐవీ సోకకుండా ఉండాలని కవల ఆడపిల్లల పిండాల్లో, ఆ వైరస్ కణంలోకి దూరడానికి తోడ్పడే సీసీఆర్5 జన్యువును మార్చారు. తండ్రికి హెచ్ఐవీ ఉంది. కానీ వీర్యాన్ని శుద్ధి చేసే మామూలు పద్ధతితోనే పిల్లలకు సోకకుండా చూడొచ్చు. పైగా జరిగిన మార్పు, కొందరిలో సహజంగానే ఉండి హెచ్ఐవీని అడ్డుకునే మార్పులాంటిది కాదు. తల్లిదండ్రులు సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం (అంగీకార పత్రం)లో దాన్ని ఎయిడ్స్ వ్యాక్సిన్ తయారీ ప్రాజెక్టుగా రాశారు. 2019 డిసెంబరులో కోర్టు ఆయనకు మూడేళ్ల జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా వేసింది. ఆయనతో కలిసి పనిచేసిన మరో ఇద్దరికీ శిక్ష పడింది. విద్యార్థులు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఈ చివరి మాట. ‘సార్ చెప్పారు, చేశాను’ అంటే సరిపోదు.

హద్దుకు ఇవతల ఉన్న చికిత్సల్లోనూ నిజాయితీ తప్పితే ప్రాణం పోతుంది. 1999లో ఫిలడెల్ఫియాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు జన్యు చికిత్స ప్రయోగంలో చేరాడు. అతనికి రక్తంలో అమ్మోనియా పెరిగే జబ్బు. మందులు, ఆహార నియమాలతో నెట్టుకొస్తున్నాడు. జన్యువును మోసుకెళ్లే వైరస్‌ను ఎక్కించాక నాలుగు రోజులకు చనిపోయాడు. అలాంటి వైరస్ ఇచ్చిన కోతులు చనిపోయాయని కన్సెంట్ ఫారంలో లేదు. అదే ఊళ్లో 2025లో, అదే కోవకు చెందిన జబ్బుతో పుట్టిన ఒక పసివాడికి, వాడి జన్యులోపానికి సరిపోయేలా ప్రత్యేకంగా తయారుచేసిన సవరణ మందు ఇచ్చారు. పిల్లవాడి ఆరోగ్యం మెరుగుపడి ఇంటికి వెళ్లాడు. ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెట్టుకుని వివరంగా చదవండి.

ఉద్యోగాల విషయానికొస్తే, ల్యాబ్ ఒక్కటే దారి కాదు. క్లినికల్ ట్రయల్స్ పర్యవేక్షణ, మందుల అనుమతుల విభాగం, బయోఎథిక్స్, బయోఇన్ఫర్మాటిక్స్ ఉన్నాయి. మీ ఉత్తరం చదివాక నాకు ముందుగా తోచింది మాత్రం జెనెటిక్ కౌన్సెలింగ్. ఇద్దరూ తలసీమియా క్యారియర్లయిన (తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్న) దంపతులు వచ్చి ఎదురుగా కూర్చుంటారు. మీరు కాగితం మీద వాళ్ల వంశవృక్షం గీస్తారు: మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు గుండ్రం, జబ్బు ఉన్నవాళ్లకు నలుపు. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం అని చెబుతారు. ‘పెద్దాడికి వచ్చింది కాబట్టి ఇక ముగ్గురి వరకూ భయం లేదన్నమాట’ అని ఆ భర్త ఊపిరి పీల్చుకుంటాడు. కాదు, ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికే వస్తుందని మెల్లగా అర్థమయ్యేలా చెప్పాలి. పరీక్ష చేయించుకోవాలా, బిడ్డను కనాలా అన్నది వాళ్ల నిర్ణయం. ‘మీరైతే ఏం చేస్తారు’ అని అడుగుతారు. అప్పుడు మీ అభిప్రాయం వాళ్ల నెత్తిన రుద్దకూడదు. జన్యుశాస్త్రం ఎంత బాగా తెలిసినా, ఎదుటివాళ్ల బాధ తెలియనివాళ్లు ఈ పనికి పనికిరారు.

ల్యాబ్ వైపే వెళ్లాలనుకుంటే, మానవ పిండాల మీద పని చేయడం మీకు సమ్మతం కాకపోతే ఆ మాట ఇంటర్వ్యూలోనే చెప్పేయండి. మంచి గైడ్ తప్పు పట్టరు. నమూనాలు ఎవరి నుంచి వస్తున్నాయి, వాళ్లకు ఏం చెప్పి తీసుకుంటున్నారు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, నిధులు ఎవరివి అని అడగండి. జవాబులు దాటవేసే చోట సీటు వచ్చినా చేరకండి. అందుకోసం ఒక ఏడాది ఆగాల్సి వచ్చినా ఫర్వాలేదు.